పాలు విరిగే బావి

చింబాయ్ దాటాక ఏడో బావి.
గుల్పర్షిన్ అదే నీళ్లతో సీసాని మూడుసార్లు తొలిచి
నాలుగోసారి మెడదాకా నింపింది.
మీటరులో అంకెలు కాసేపు తడబడి
నాలుగు వేల రెండొందల దగ్గర కుదురుకున్నాయి.

"పత్తికి?" అన్నాడు తనతార్, గొర్రెతోలు టోపీ వెనక్కి నెట్టి.
పత్తి ఓర్చుకుంటుంది,
మురుగుకాలవ తవ్వి చలికాలం ఉప్పు కడిగేస్తే.
ఉల్లి ఓర్చుకోదు.
"మాకు?"
ఆమె సీసా మీద తేదీ రాస్తూ ఉండిపోయింది.

లోపల్నించి బీబిరాబియా కేక:
అంకెలెందుకే పిల్లా, టీలో పాలు పొయ్యి.
విరిగాయా, మా బావి.
విరగలేదా, ట్యాంకరు వచ్చిందన్నమాట!
సముద్రం వెళ్లిపోతూ
ఉప్పు మాత్రం మాకు అప్పగించి పోయింది.

గుల్పర్షిన్ నవ్వలేదు.
ఫారం అడుగున, "ఇతర వివరాలు" అన్న గడిలో
ఇరికించి రాసింది:
పాలు విరుగుతాయి.

అప్పటికే చేతిలో పింగాణీ గిన్నె పెట్టారు.
తెల్లటి తునకలు, పైన వేడి ఆవిరి.
గుమ్మంలో మనవరాలు, తన గిన్నె ఖాళీ చేసి,
ఈమె వంకే చూస్తోంది.

అంకె తెలిసిన నోటితో
అడుగుదాకా తాగింది.