తీసుకుంటోంది

తొమ్మిదొందల నలభై అడుగుల కాడ
మాలకొండయ్య బత్తాయి తోటలో
మా బోరు లారీ ఇంకా దుమ్మే కక్కతా ఉంది.
పది అడుగులకొక దోసెడు పొడి పట్టి
గట్టు మీద కుప్పలు పెట్టడం నా పని.
తొంభై నాలుగు కుప్పలు.
మొదటి మూడే ఎర్రవి,
తతిమ్మావన్నీ పిండిమర కింద రాలిన పిండి.
ఒక్కదాన్నైనా నొక్కితే ముద్ద కాలేదు.

కాలేషా ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చాడు.
రెండు వారాలు రాజస్థాన్ ఇసకలో ఉంటాడు,
రెండు వారాలు పామూరు రోడ్డులో
వాళ్ళన్న సైకిల్ షాపులో పంక్చర్లు వేస్తాడు.
అక్కడేం పని అబ్బయా అంటే
భూమిలోకి నీళ్ళు కొట్టే పని అన్నాడు.

మాలకొండయ్య గ్లాసు కింద పెట్టాడు.
"మళ్ళీ చెప్పు."
"లోపలికే, చిన్నాయనా. పైకి కాదు."

రాతి సందుల్లో నూనె ఉంటుందంట,
చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాలాగా
పేరుకుపోయి, తోడితే రానని మొండికేసి.
ఒక బావిలో వేడినీళ్ళు దించి
దాన్ని కరిగించుకుంటా, నెట్టుకుంటా
పక్క బావి దాకా తోలుకుపోవాల.
ఏడాదికి చేరినా తొందరగా చేరినట్టే.

"రోజుకెన్ని ట్యాంకర్లు దించుతారు?"

కాలేషా టీ మీద మీగడని ఊదాడు, మళ్ళీ ఊదాడు.
"మనూరికొచ్చే ట్యాంకరుతో కొలవకూడదు చిన్నాయనా."
"కొలువు."
"నా ఒక్క బావికే రెండొందలు."

డ్రైవర్ అంకయ్య వేళ్ళు మడవబోయి మానేశాడు.
మా వీధికి నాలుగు రోజులకొకటి.
మా అక్క ఆ రోజు పొగాకు కూలికి పోదు,
బిందెల వరసలో నిలబడడమే కూలి.

"తాగేవి కావులే. ఉప్పువి.
కిందనించి నూనెతో వచ్చినవే
వడకట్టి మళ్ళీ కిందికే పంపుతాం.
నోట్లో పోసుకుంటే కక్కుకోవాల్సిందే."
మాలకొండయ్య నవ్వాడు,
పళ్ళన్నీ పసుప్పచ్చటి గార.
నలభై ఏళ్ళకే ఆయన మోకాళ్ళు బిగుసుకుపోయినాయి.
"మావి మాత్రం తాగేవా?"

ఇంక ఎవరం ఏమీ అనలేదు. మిషను మోత.
దాని మీదుగా కాలేషా అరిచి చెప్పాడు:
"నీళ్ళకి ఓర్పుండదు. పల్చనివి గదా.
తిరనాళ్ళలో ముసలామెని తోసేసి ముందుకురికే కుర్రాడిలాగా
సందు చూసుకుని జారిపోతాయి.
నూనె ఉన్న కాడే ఉంటుంది.
అవతల బావిలో మా నీళ్ళే మాకొస్తాయి.
అందుకని ఒక పొడి కలిపి గంజిలాగా చేస్తాం.
గంజికి తొందర లేదు.
ముందున్న దాన్నంతా కలుపుకుని నడుస్తుంది."

నాకు మా లారీ గుర్తొచ్చింది.
తొందరంటే మాదే.
ఈ తోటలో ఇది ఆరో బోరు.
ఐదు మేమే వేశాం.
ఒకటి పదకొండు నెలలు పోసింది, ఆపైన
చెట్లకి ఎండటమెట్లాగో చెప్పినట్టు ఎండింది.

వెయ్యి అడుగుల కాడ అంకయ్య చెయ్యి ఊపాడు.
రాడ్లు పైకి లాగేసరికి తెల్లారిపోయింది.
అడుగుకింతని లెక్క. రాయికైనా అదే రేటు.
కాగితం మీద నేనే రాశా,
మాలకొండయ్య చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

డ్రమ్ములో అడుగున మిగిలిన ట్యాంకరు నీళ్ళు
ఒక చెంబు ముంచుకొచ్చి
కేసింగ్ గొట్టంలో పోశాడు.
ఎందుకని ఎవరం అడగలా.
అందరం వంగి చెవులు పెట్టాం.
కింద తగిలిన చప్పుడు రాలేదు.
ఎంతసేపటికీ రాలేదు.

కాలేషా అలవాటుగా గడియారం చూసుకున్నాడు.
గొట్టం మెడ దగ్గర లేని ముల్లు కోసం
కళ్ళతో వెతికాడు.
"తీసుకుంటోంది," అన్నాడు, మెల్లిగా,
డ్యూటీలో రిజిస్టరుకి చెప్పుకునే గొంతుతో.

మాలకొండయ్య రెండో చెంబుకి పోయాడు.