తొక్కుడు మిషను

పాత చాకలిపేటలో మెట్రో దిగి ఎడమకి తిరిగితే
జెరాక్సు షాపు పక్కన, మెట్లకింద నా కొట్టు.
ముప్ఫై ఒక్క ఏళ్లు కాలితో కుట్టాను జాకెట్లు.
చేతులు కుడతాయనుకుంటారు చూసేవాళ్లు.
చేతులు దారి చూపిస్తాయంతే.
కుట్టేది పిక్క.

ఆరేళ్ల కిందట చీటీ ఎత్తి మోటారు బిగించాను.
బొటనవేలు ఆనిస్తే చాలు, జుయ్యిమని పరుగు.
రోజుకి నాలుగు జాకెట్లు ఎక్కువ.
కూర్చున్నాను.
మహారాణిలా కూర్చున్నాను.
ఒళ్లు చేశావు మునెమ్మా, కళొచ్చిందన్నారు.
వాపు చూసి బలుపనుకుంది వీధి,
వీధితో పాటు నేనూ.

మడమలో విరిగిన సూదిముక్క
గుచ్చుకున్నప్పుడు తెలియలేదు,
మూడు వారాలకీ మానలేదు.
స్టాన్లీ ఆసుపత్రి చీటీ మీద రెండొందల ఎనభై అని రాశారు.
చీటీ అంటే అప్పటిదాకా నాకు
చేతికొచ్చే డబ్బే.

ఇళవేణి అని ఒక పిల్ల,
నెత్తురు మీద పరిశోధనట, నాదీ కాస్త అడిగింది.
తను తమిళంలో చెప్పింది, నేను తెలుగులో విన్నాను:

అక్కా, కండంటే మూటలు మోసే కూలీ అనుకున్నాం ఇన్నాళ్లూ.
అది ఉత్తరాలు కూడా రాస్తుంది.
కదిలినప్పుడల్లా నెత్తుట్లోకి ఏవో చుక్కలు వదులుతుంది,
కాలేయానికి, కొవ్వుకి, ఎముకకి,
ఎక్కడో మూలనున్న క్లోమానికి కూడా.
కదలకపోతే టపా ఆగిపోతుంది.
టపా రాని ఊళ్లో పుకార్లకేం కొదవ?
పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు
పగలూ రాత్రీ నిప్పు నిప్పని అరుస్తుంది.
కాపలా కణాలు బిందెలతో, కర్రలతో పరుగెడతాయి,
మంట ఎక్కడో తెలియదు,
వాటి తొక్కిసలాటే మంట.
ఆ గోలలో తలుపు తడుతున్న ఇన్సులిన్ చప్పుడు
ఎవరికి వినపడుతుందక్కా?

ఆ కేకకి పేరుందా అన్నాను.
ఇంటర్‌ల్యూకిన్ ఆరు అంది.
మరి కండ రాసే ఉత్తరానికి?
చాలా ఉన్నాయి, కానీ ముందు కనిపెట్టింది...
తనదే తప్పయినట్టు తల దించుకుంది.
అదీ ఆరే.

ఆ రాత్రి ఫ్యాను కింద పడుకుని అదే తిరగేశాను.
ఒకే మాట.
నీళ్ల లారీ దగ్గర బిందె ఎత్తి
"రావే!" అంటే ఒకటి.
పవర్ పోయిన సందులో, గడప మీద కూర్చుని
"రావే" అంటే ఇంకొకటి.
మాటదేముంది, ఏ నోటినుంచి, ఎంతసేపు అన్నదే.
గంటసేపు పిలిచి ఊరుకునేది కండ.
ఊరుకోవడం తెలియనిది కొవ్వు.

పొద్దున్నే మోటారు విప్పాను.
పూర్తిగా కాదు, అబద్ధం ఎందుకు?
ఆడి మాసం తళ్లుబడి బేరాలకి అదే దిక్కు.
మధ్యాహ్నం దాకా మోటారు, ఆ తరవాత కాలు.
చక్రానికి కొత్త తోలు బెల్టు వేశాను,
మొదటి వారం మోకాళ్లు బూతులు తిట్టాయి.

దీంతో షుగరు తగ్గుతుందా అని అడిగితే
ఇళవేణి అవుననలేదు.
అదే వెతుకుతున్నానక్కా అంది,
మాత్రలు మాత్రం మానొద్దంది.
నాకు నచ్చింది ఆ పిల్ల.

మొన్నటి అంకె నూట డెబ్బై నాలుగు.
మాత్ర నావల్లే అంటుంది,
తగ్గించిన అన్నం నావల్లే అంటుంది,
పిక్క ఏమీ అనదు.
దానికి తీరిక లేదు.

సాయంత్రం కరెంటు పోయింది.
వీధిలో మిషన్లన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.
నాది నడుస్తోంది, టకటకా, టకటకా,
మడమ కిందికి, వేళ్లు కిందికి.
లోపల ఎవరికి ఏం రాసి పంపుతోందో,
నేను ఐదు దాకే చదివాను.
పెళ్లికూతురి పట్టు జాకెట్‌కి
ఇంకా కుడిచెయ్యి ఎక్కించాలి.