కాటా కిటికీ

మిర్చి యార్డులో మధ్యాహ్నం రెండు.
నా ప్రోగ్రాం నల్ల తెర మీద మాట్లాడుతోంది,
ఒకదాని నెత్తిన ఒకటెక్కి పరిగెత్తే తెల్ల వరసలు:
టిక్కీ పన్నెండు, నలభై ఒకటి పాయింటు రెండు
టిక్కీ పదమూడు, ముప్ఫై తొమ్మిది పాయింటు ఎనిమిది
పద్నాలుగు చదివేలోపు పన్నెండు
తెర పైకప్పు దాటి ఎటో పోయింది.

"ఏంటయ్యా ఇది, చీమల బారు?" అన్నాడు
కాటా గుమస్తా నాంచారయ్య, ముందు తుమ్మి.
ఇక్కడ ప్రతి మాటకూ ముందు ఒక తుమ్ము నడుస్తుంది.
నా కీబోర్డు సందుల్లో
పోయినేటి తేజ గింజలు రెండు ఇంకా ఉన్నాయి.
"ఓ కిటికీ పెట్టు. మనుషులు చూసేటట్టు."

బ్రాడీపేటలో మెస్సు పైన నా గది.
రాత్రి కిటికీ కట్టాను.
చుట్టూ చట్రం, మధ్యలో తెల్లటి గది,
పక్కన పైకీ కిందికీ జారే బద్దీ.
బటన్ నొక్కాను.
కిటికీ పాలిపోయింది. ఉలకదు, పలకదు.
స్పందించడం లేదు, అంది యంత్రం
డాక్టరు చెప్పినట్టు.
ఐదు నిమిషాల తర్వాత రెండొందల వరసలూ
ఒక్కసారే భళ్ళున కక్కింది.

అప్పుడు తెలిసింది.
ప్రోగ్రాం ఎప్పటి మాట అప్పుడే అంటోంది,
మధ్యలో గొట్టమే పట్టుకుని కూర్చుంది,
పళ్ళెం నిండితే గాని వంటింట్లోంచి కదలని
మా మెస్సు సర్వరు లాగా.
ఉన్నదున్నట్టు తెచ్చెయ్యమని
ప్రతి వరస చివరా ఒక మాట రాశాను.
తూచడానికి ఒక దారం, చూపడానికి ఒక దారం
వేరు చేశాను.
ఏసోబు దబ్బనంతో టిక్కీ మూతి కుడుతుంటే
ఇంకొకడు తర్వాతి టిక్కీ ఎత్తడూ? అలాగ.

తెల్లారి తెరను రైతు వైపు తిప్పాం.
ఈపూరు నుంచి వచ్చిన యలమంద
తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంగి చూశాడు.
పేరు ఉండాల్సిన చోట
ఐదు ఖాళీ డబ్బాలు.
"నా పేరు ఇంత ఖాళీగా ఉంటదా?"
వేలితో లెక్కపెట్టాడు.
"నాలుగక్షరాలకి ఐదెందుకు?"
సున్నాక్కూడా ఒకటి, అన్నాను.
"సున్నాకి గది ఇచ్చావు, నాకివ్వలేదు" అని నవ్వి
దగ్గి, మళ్ళీ నవ్వాడు.
ఫాంటు ఎక్కించాను. యలమంద వచ్చాడు,
సున్నా తన చోట తాను సర్దుకుంది.

కాటా మొదలైంది. వరసలు ఇప్పుడు పారిపోవడం లేదు.
పైకి పోయినవి కూడా
బద్దీ లాగితే వెనక్కి వస్తున్నాయి.
అతను లాగాడు. మెల్లిగా,
కూడబలుక్కుని చదివాడు:
టిక్కీ ఒకటి, తరుగు కిలో.
టిక్కీ రెండు, తరుగు కిలో.
టిక్కీ మూడు.
నల్ల తెర మీద కూడా ఈ మాట ఉండేది.
రాసింది నేనే. నాకు చెప్పింది రాశాను.
ఎవరి కంటికీ ఆనలేదంతే.
"ఈ కిలో ఎవరిది బాబూ?"
నాంచారయ్యకు ఆ పూట తుమ్ము రాలేదు.

సాయంత్రం షావుకారు పిలిచాడు.
కిటికీ బాగుందన్నాడు. టీ తెప్పించాడు.
"కాస్త వెడల్పెక్కువైంది. కుదించు,
తూకం వరకు కనపడితే చాలు."
కుదిస్తే తరుగు చట్రం అవతల పడుతుంది.
అబద్ధం ఏమీ ఉండదు. కనపడదంతే.

ఆ నెల గది అద్దె ఇంకా కట్టలేదు.
కుదించాను, చెప్పినంతా, అంగుళం తేడా లేకుండా.
ఒక్క చోట మాత్రం
పట్టని మాట కింది వరసలోకి దిగేటట్టు
చిన్న గుర్తు పెట్టాను.

మర్నాడు తెర మీద
ప్రతి తూకం కిందా
తరుగు, ఒక్కటే,
ఒక పూర్తి వరస ఆక్రమించుకుని
నిలబడి ఉంది.