బాలింత పథ్యం

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక
చిరిగిన మిర్చి టిక్కీల గుట్టలో దొరికింది.
గోనెరంగు. అందుకే గోనె అన్నాను.
పొట్ట కింద మూడు పిల్లలు, కళ్ళు తెరవనివి.
తోక కింద అంతా తడి.
"కూలోళ్ళ కేరేజీల్లో పచ్చడి మెతుకులు తిని తిని
పేగులు మండిపోయుంటయ్, వదిలెయ్"
అన్నాడు మేస్త్రి రత్తయ్య.
ఆటోవాడు ఎక్కించుకోలేదు, వాసన.
కొంగులో పిల్లల్నీ చంకలో తల్లినీ పెట్టుకుని
నల్లచెరువు దాకా నడిచాను.

పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు.
మాది ఎన్నోదో నేనడగలేదు.

మొదటి రాత్రి పాలు పోశాను.
పిల్లికి పాలు కాక ఇంకేం పోస్తాం?
తెల్లారేసరికి
మంచం కింద, స్టవ్వు పక్కన, మా చిన్నోడి బూట్లో
తాగిందంతా నాకే తిరిగి అప్పజెప్పింది.

పశువుల ఆసుపత్రిలో గేదెల వెనక మా వరస.
డాక్టరమ్మ పొట్ట నొక్కి, చిగుళ్ళు చూసి
"పాలు మానెయ్యండి" అంది.
పక్కింటి ఖైరున్నీసా పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది.
పిల్లికి పాలు పడవంట!
పోనీ వెల్లుల్లి పెట్టనా అంటే
అసలొద్దు, విషం అంది.
ఇద్దర్ని కన్నదాన్ని,
నెల్లాళ్ళు వెల్లుల్లి కారం ముద్దలే తిన్నదాన్ని,
బాలింతకి వెల్లుల్లి విషమన్న మాట
ఈ చెవులు వినడం ఇదే మొదలు.

ఉప్పు లేకుండా ఉడికించి చిదిమిన కోడి ముక్క.
గుమ్మడి గుజ్జు ఒక్క చెంచా.
సూది పీకేసిన సిరంజిలో మందు.
సీసా మీద పురుగుల మందు అని చదివి
మా ఆయన కాసేపు మాట్లాడలేదు.
వాళ్ళన్న పత్తి వేసిన ఏడు గుర్తొచ్చుంటుంది.
లోపలివాటికి, అన్నాను.
కడుపులో పురుగులకి.

నా చేతులతోనే చిక్కంతా.
రోజంతా తొడిమలు తీసిన చేతులు
సబ్బుకి లొంగవు.
కొబ్బరినూనె, ఆ పైన శనగపిండి, ఆ పైన మజ్జిగ.
అప్పుడు వేలు నా నాలిక్కి ఆనించుకుని
మంట లేదనుకుంటేనే దాన్ని ముట్టేది.
నా పిల్లల్ని ఎత్తుకునేటప్పుడు
ఇంతలా కడుక్కున్నానా?
చిన్నోడు నెలల పిల్లాడప్పుడు
నేను పని నించి వచ్చి ఎత్తుకోగానే
కళ్ళు నలుపుకుని గుక్కపట్టేవాడు.
దిష్టి అనుకుని
ఎండు మిరపకాయలే తిప్పి పొయ్యిలో వేసేదాన్ని.

ఇప్పుడు పొద్దున్నే ఇసక తట్ట ముందు కూచుంటాను,
మగాళ్ళు పేపరు ముందు కూచున్నట్టు.
సోమవారం నీళ్ళు.
బుధవారం నీళ్ళలో సన్నటి నెత్తురు చార.
ఆ మధ్యాహ్నం తొడిమలు వదిలేసి లేచొచ్చాను.
ఇంట్లో బాలింతకి బాగాలేదని చెప్పాను.
ఎవరని రత్తయ్య అడగలేదు,
సగం కూలి కోశాడు.
శుక్రవారం గంజి.

అంతగా కారిపోతూ కూడా
పిల్లలు కుయ్యిమంటే చాలు
పక్కకి ఒరిగి పొట్ట అప్పగించేది.
వెన్నెముక ఒక్కో పూసా లెక్కపెట్టొచ్చు.
పాలు పడని కడుపు
పాలెక్కణ్ణించి తెచ్చేదో.
నిన్న రాత్రి ఒక పిల్ల ఒక కన్ను తెరిచింది,
రెండోది తర్వాత చూద్దాంలే అన్నట్టు.

ఇవాళ ఆదివారం.
ఇసకని గీరి గీరి, వాసన చూసి, మళ్ళీ గీరి
చాలాసేపు కప్పిపెట్టింది.
పుల్లతో తిరగేశాను.
గట్టిగా, నల్లగా, రెండు వేళ్ళ పొడుగు.
"ఖైరున్నీసా!" గోడ మీంచి కేకేశాను.
ఏం కొంప మునిగిందోనని
చేతినిండా చపాతీ పిండితో పరిగెత్తుకొచ్చింది.
ఇద్దరం తట్ట మీదికి వంగి చూశాం.
"మాషా అల్లా" అంది.

గోనె స్టవ్వు గట్టెక్కి
మాకూ తనకీ సంబంధమే లేనట్టు
వెనక కాలు గాల్లోకి నిలబెట్టి
నాక్కుంటోంది.