రక్తం ఆపేవాడి మాట

నా పని చిన్నది.
రౌండుకీ రౌండుకీ మధ్య అరవై సెకన్లు,
దూదిపుల్ల మందులో ముంచి, చీలిన కనుబొమలో గుచ్చి
బొటనవేలితో అదిమిపట్టడం.
నెత్తురుని నీ దేవుడెవరని నేనెప్పుడూ అడగలేదు.
గట్టిగా అదిమితే ఎవరిదైనా ఆగుతుంది.

బఫెలోలో, ఉక్కు ఫ్యాక్టరీ పొగకి
మంచు కూడా నల్లగా పడే వీధిలో మా జిమ్ము.
ఆర్విల్ టేటమ్ పన్నెండేళ్లప్పుడొచ్చాడు,
చిరిగిన బూట్లలో అట్టముక్కలు పెట్టుకుని.
ఇరవై మూడుకి నడుముకి మిడిల్‌వెయిట్ బెల్టు.
ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చోవలసినవాడు
ఇంకో వాకిలి తొక్కాడు.

"ఆ పేరు మా ముత్తాతని కొన్నవాడిది, లెమ్యూల్ మామా.
గుర్రానికి వేసిన వాత.
ఇక నేను ఇద్రీస్ వాహిద్‌ని."
నేను బాప్టిస్టుని, నదిలో మునిగి లేచినవాణ్ణి.
"సరే ఆర్విల్," అన్నాను.

పంచింగ్ బ్యాగు కింద తువ్వాలు పరిచి తూర్పుకి వంగేవాడు.
ఆ వైపు కిటికీ, కిటికీ అవతల
సారాకొట్టు బోర్డు ఎర్రగా వెలిగి ఆరుతూ.
మూడు నిమిషాలకోసారి గంట దానంతటదే మోగేది.
దాని నాలుకని గుప్పిట్లో పట్టుకుని నిలబడేవాణ్ణి.
ఎందుకో నన్నడక్కండి.

"తెల్లవాడితో ఒక బల్ల మీద తినను,"
అన్నాడొకరోజు, కాజిక్ వ్రోనా ఎదురుగానే.
నాలుగేళ్లు వీడి దెబ్బలకి మొహం అప్పిచ్చిన పోలిష్ కుర్రాడు.
వాళ్లమ్మ చేసి పంపిన సాసేజీ
వాడి చేతిలో అలాగే ఉండిపోయింది.

"నీ ముక్కు తిన్నగా ఉందంటే వాడి పుణ్యంరా," అని అరిచాను.
"వాడు మంచోడే మామా.
వాడికి అద్దెకి దొరికిన వీధిలో
చాంపియన్‌కి ఇల్లు దొరకలేదు."

జవాబుంది నా దగ్గర. నోట్లోనే ఉంది.
నలభై నాలుగులో ఇటలీలో లారీ తోలాను.
తిరిగొస్తుంటే కాన్సాస్‌లో ఒక స్టేషన్,
జర్మన్ ఖైదీలు బల్లల దగ్గర కూర్చుని సూపు తాగుతున్నారు.
యూనిఫాంలో ఉన్న నాకు
వంటింటి వెనక కిటికీలోంచి అందించారు.
చల్లారిపోయిందని ఎవరికీ చెప్పలేదు.

సైన్యం పిలిచిన రోజు మెట్ల మీద కూర్చున్నాను.
అలవాటు కొద్దీ బకెట్టు కూడా తెచ్చాను.
లోపల నేల మీద ఒక గీత ఉందట, దాటమన్నారట.
పదకొండేళ్లు పాదాలు కదుపు కదుపు అని చెప్పామా,
ఆ రోజు కదపలేదు.
బయటికొచ్చేసరికి చెంప మీద ఎవరిదో ఉమ్మి జారుతోంది.
నా పెట్టెలో దానికి మందు లేదు.
తుడిచాను.

బెల్టు పోయింది, లైసెన్సు పోయింది.
కోర్టులో కేసు నడుస్తున్నన్నాళ్లూ జిమ్ము ఊడ్చాడు.
కాజిక్‌ని పిలిచారు, వెళ్లాడు.
ఫిబ్రవరిలో పెట్టె ఒకటొచ్చింది, మూత తెరవద్దన్నారు.

మార్చిలో వాళ్లమ్మ వచ్చింది, గ్లవ్స్ కోసం.
చీపురుతో వీడే ఎదురయ్యాడు.
నేను లోలోపల సెకన్లు లెక్కపెట్టుకుంటున్నాను.
లోపలికెళ్లి తెచ్చాడు. చలికాలమంతా నూనె రాస్తూనే ఉన్నాడని
అప్పుడు చూశాను.

"మావాడు ఇంట్లో నీ కొత్త పేరే అనేవాడు.
నాకు నోరు తిరగలేదు. ఓసారి చెప్పు."
చెప్పాడు.
"ఇద్రిష్," అంది.
"ఇద్రీస్."
రెండోసారి సరిగ్గా అంది.

ఆమె ఏడవలేదు. వీడు చెయ్యి చాచలేదు.
తలుపు తెరిచి పట్టుకున్నాడు,
ఆమె బస్సెక్కేదాకా మంచు లోపలికి పడుతూనే ఉంది.

ఆ రాత్రి నా పెట్టె తీశాను.
వాడి వాసెలిన్, వాడి కత్తెర, వాడి సీసా,
అన్నిటి మీదా టేపుముక్క, టేపు మీద ఆర్విల్.
గోటితో గీకాను. జిగురు ఒక పట్టాన వదలదు.
"ఒరే," అని కేకేశాను,
"ఇదెలా రాస్తారో చెప్పు. మెల్లగా.
ఒక్కో అక్షరం."