నలభై ఒకటో విల్లా

అమ్మకాల ఆఫీసుల అద్దాల పెట్టె కింద
తోటంతా ఒక బల్ల మీదికొచ్చింది.
అగ్గిపుల్లలంత ఖర్జూర చెట్లు,
నూట అరవై విల్లాలు,
ఈతకొలనుకు నీలం గాజు పెంకు.
నేను పండుకున్న గదికి "వారసత్వ మజ్లిస్" అని చీటి.
నవ్వొచ్చింది నాకు.
ఆ గదిల తేళ్లుంటుండె.
మంచం కోళ్లను నీళ్ల డబ్బాల్ల నిలబెట్టి
పదకొండు ఎండకాలాలు ఎల్లదీసిన.

మెట్‌పల్లి దిక్కు మాది, నీరటోళ్ల ఇల్లు.
తూము ఎత్తుడు దించుడు మా తాత పని.
ఏజెంటుకు లక్షా ఇరవై కట్టి
విమానమెక్కి వచ్చి
రుస్తాఖ్ కొండల కింద మళ్ల అదే పని పట్టిన.
ఫలజ్ అంటరు ఇక్కడ.
కొండ కడుపుల పుట్టి, నేల కింద నడిచి,
తోట మొదట్ల బయటపడే సన్నకాలువ.
ఎవల వంతు ఎంతసేపో
పగలు కట్టె నీడ చెప్తది, రాత్రి చుక్క చెప్తది.

నేర్పింది ఖల్ఫాన్ ముసలాయన, నీళ్ల పెద్ద.
ఆశన్న అనరాక నన్ను హసన్ అన్నడు.
ఆయన సురయ్యా అని వేలు చూపితే
"అగో, మా పిల్లలకోడి!" అన్న.
ఇద్దరం ఒకటే కోడిని కాసినం,
రెండు పేర్లతోటి.

తోట పెద్దాయన పోయినంక కొడుకులు అమ్మిన్రు.
చెట్లకు ఎర్ర రంగుతోటి నంబర్లు కొట్టిన్రు.
పాత గోడను గేటు కాడ ఉంచిన్రు, ఫొటోల కోసం.
నన్నూ ఉంచిన్రు.
ఆకుపచ్చ చొక్కా, ఛాతీ మీద చెట్టు బొమ్మ,
గడ్డి కోసే మిషను.
కొనెటోళ్లను తిప్పే పిల్లగాడు
మూడొందలేండ్ల తోట అని ఊదరగొడతడు గని
ఖలాసేదో ఫర్ధేదో వానికి తెల్వదు,
మగచెట్టు ముందట నిలబడి
దీని కాయ మస్తు తియ్యగుంటదన్నడొకనాడు.
కాలువల ఇప్పుడు మోటరు నీళ్లు.
పోయినయే తిరిగొస్తుంటయ్
గానుగెద్దు లెక్క.

నలభై ఒకటో విల్లాల మాత్రం తడి.
ఎనిమిది రోజులకోసారి
హాలు టైల్సు సందుల్నుంచి చెమ్మ.
పైపులు మూడుసార్లు మార్చిన్రు.
ఇంజినీరు బిజోయ్ సారు నేలకు చెవి పెట్టి విన్నడు.
డాక్టరమ్మ తివాచీ ఎండేసుకుంట
"దెయ్యమా?" అని నన్నడిగింది.
నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్న.
ఎనిమిదో రాత్రి జువైనాది.
మొగడు పోయిన జువైనా, పదమూడు చెట్లు,
అర్ధగంట నీళ్లు.
చెట్లమ్మింది, వంతు అమ్మలే.
వంతు సంగతి అడిగినోళ్లు లేరు.

ఆ రాత్రి ఊరి పైకి నడిచిపోయిన.
తూము కాడ ఖల్ఫాన్, రాయి మీద చెయ్యేసి.
రెండు కండ్లల్ల పువ్వులేసినయ్.
"హసన్, సురయ్యా పొడిచిందా?"
తలెత్తి చూసిన.
కింద గేటు లైట్లకు ఆకాశం పాలిపోయి
కోడి లేదు, పిల్లలు లేవు.
నా జీతం తొంభై రియాళ్లు.
బిజోయ్ సారుకు ఒక్క మాట చెప్తే
సూపర్‌వైజరును చేస్తడేమో.

"పొడిచింది తాతా," అన్న.
రాయి జరిగింది.
చీకట్ల నీళ్లు దారి తడుముకోలే.

పొద్దుగాల ఫోనొస్తది, తుడువుమంటరు.
గుడ్డ ఆరేసి పెట్టుకున్న.