నాలుగు గ్రాముల బోణీ

వూచ్ నగరంలో, ట్రాము మలుపు దగ్గర
తపాలా కౌంటరు నాది.
ఇరవై రెండేళ్ళుగా తూస్తున్నాను:
క్రిస్మసుకు పంపే తేనె సీసాలు, కోర్టు నోటీసులు,
ఒకసారి ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు.
అంత తేలికైన కవరును
అంత బరువుగా పట్టుకొచ్చిన మనిషిని మాత్రం చూళ్ళేదు.

గెనొవెఫా. డెబ్భై ఒకటి.
రెండు చేతులతో తెచ్చి కాంటా మీద పెట్టింది.
నాలుగు గ్రాములు.
"సరిగ్గా చూడమ్మా, లోపల గుండీ ఉంది" అంది,
నేను కవరునే తూచి గుండీని వదిలేశానేమోనని.
వరుసలో ఎవరో గొంతు సవరించుకున్నారు.
ఆమె అటు తిరిగి వాళ్ళకీ చెప్పింది:
"నార్వేకు. బోణీ బేరం."

తక్కినదంతా వాయిదాల మీద తెలిసింది,
స్టాంపు అంటించేంత సేపు చొప్పున.
చొక్కాల మిల్లులో ఇరవై ఎనిమిదేళ్ళు గుండీలు కుట్టిందట.
మిల్లు మూసిన నెల, జీతానికి బదులు
గోదాములో ఏది దొరికితే అది పట్టుకుపొమ్మన్నారట.
అందరూ గుడ్డ తానుల మీద పడ్డారు.
ఈమెకు మిగిలినవి పద్దెనిమిది డబ్బాల గుండీలు.
పాతికేళ్ళ పైన మంచం కిందే ఉన్నాయి.
నడిరాత్రి ఒత్తిగిల్లితే గలగలమనేవట.
"మా ఆయన పోయాక ఆ చప్పుడే తోడు"
అంటుందేమోనని చూశాను.
"దుమ్ము తుడవలేక చచ్చాను" అంది.

కింది వాటా మెకానిక్కు కుర్రాడు ల్యాప్‌టాప్ అమర్చిపెట్టాడు.
ఫీజు, వారానికి పన్నెండు బంగాళాదుంప అట్లు.
పాస్‌వర్డు, ఆమె పాత కుట్టుమిషను నంబరు.
అది నాకూ, వరుసలో నిలబడ్డ ఎనిమిదిమందికీ
వినబడేలా చెప్పేసింది.
వెంటనే మార్చుకోమన్నాను.
"వేరే మిషను మీద నేనెప్పుడూ పనిచెయ్యలేదే"
అంది, దిగులుగా.

ఒకరోజు ముఖం వెలిగిపోతూ వచ్చింది.
ఎవరో ఆమెకు స్టారు ఇచ్చారట. ఒక స్టారు.
మిల్లులో లెక్కకు మించి కుట్టినవాళ్ళకు
రేకు స్టారు రొమ్మున గుచ్చేవారట.
అయిదింటికి ఒకటి అని చెప్పబోయి నోరు తెరిచాను,
కాంటా వంక చూసి మూసేశాను.
చెప్పినవాడు ఆ అట్ల కుర్రాడే.
రెండు రోజులు రాలేదు.
మూడోనాడు ఫోను నా ముందు పెట్టింది.
రంగు వేరుగా వచ్చిందని రాశాడు, కొన్నవాడు.
"నిజమే. బల్బు కింద తీశాను ఫొటో.
బల్బు అబద్ధాలాడుతుంది."
అప్పట్నుంచి ఫొటోలన్నీ కిటికీ గట్టు మీదే.
డిసెంబరులో మాకు మూడున్నరకే చీకటి.
ఆమె దుకాణమూ అప్పుడే కట్టేస్తుంది.
సైరను కూతకు లేచిన మనిషి
ఇప్పుడు మబ్బు తొలగే వేళకు పనిలోకి దిగుతోంది.

ఎంత మిగులుతుందని అడిగానోసారి,
నాకూ ఉద్యోగ విరమణ దగ్గరే కదా.
గ్యాసు బిల్లు వస్తుంది, చలికాలం సగమే, అంది.
కాసేపాగి,
"ఒక్క గుండీ ఊడిందని కోటు పారెయ్యనివాళ్ళు
లోకంలో ఇంతమంది ఉన్నారని నాకేం తెలుసు!"

నా యూనిఫారం కోటుకు పైనుంచి రెండోది లేదు.
ఎన్నాళ్ళుగానో లేదు.
ఎవరూ చూళ్ళేదు, నాతో సహా.
మొన్న ఒక కవరు కాంటా మీద పెట్టింది.
చిరునామా మా ఇంటిది; ఎవర్ని అడిగిందో.
"చేతికే ఇవ్వొచ్చుగా" అన్నాను.
"తూచు" అంది.
తూచాను. డబ్బు కట్టి, రసీదు అడిగి తీసుకుంది.

రెండో రోజున మా పెట్టెలో పడింది.
నల్లది, నాలుగు కన్నాలది, అంచున సన్నటి గీత.
జానెడు దారం కూడా చుట్టిపెట్టింది.
అడుగున బిల్లు:
గుండీ ఒకటి, రెండు జ్లోటీలు. తపాలా ఖర్చు అదనం.
వారంలోగా చెల్లించవలెను.